కాగితం మీద రెండువందల యాభై రెండు

నాకు తిక్క అంటారు మా కాలేజీలో. ఇరవై ఆరేళ్ళుగా వంద మంది మగపిల్లల చెమట బట్టలు ఉతికి, హెల్మెట్లు తుడిచి, ఒక్క బూటు పోగొట్టుకొచ్చినవాణ్ణి రెండో బూటుతో కొట్టినంత పని చేసి బతుకుతున్నదాన్ని, తిక్క రాక ఇంకేమొస్తుంది? నా పేరు వెర్లా డీట్జ్. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం పడమటి కొసన, చక్కెరదుంప పొలాల మధ్యనున్న మా చిన్న కాలేజీలో ఫుట్‌బాల్ జట్టు సామాన్ల గది నాది. పేరుకు ఫుట్‌బాలే గానీ బంతికి కాలు తగిలేది ఏ పదిసార్లో. మిగతాదంతా బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తడం, అడ్డొచ్చినవాణ్ణి కుమ్మడం.

సామాన్లతో పాటు ఇంకో పని కూడా నా నెత్తిన పడింది. ప్రతి ఏడూ ఆటగాళ్ళ జాబితా టైపు చెయ్యడం. పేరు, చొక్కా నంబరు, ఎత్తు, బరువు, సొంత ఊరు. ఆట చూడ్డానికొచ్చేవాళ్ళకు అమ్మే పుస్తకంలో అదే అచ్చవుతుంది, పిల్లల సొంత ఊళ్ళ పేపర్లలోనూ అదే పడుతుంది. మా పాత కోచ్ గోర్డీ స్టాలీ తానున్న పందొమ్మిదేళ్ళూ ఆ కాగితం నా బల్ల మీద పెట్టి ఒకే మాట అనేవాడు.

"వెర్లా, అందరికీ కాస్త కండ పట్టించు."

అంటే ఒక్కొక్కడికీ ముప్ఫై, నలభై పౌండ్లు కలపమని. రెండువందల డెబ్భై ఉన్నవాడు మూడువందల పది అవుతాడు. ఎదుటి జట్టు ఆ పుస్తకం చూసి జడుసుకోవాలట. జడుసుకునేవాళ్ళెవరు? వాళ్ళ కోచ్ కూడా వాళ్ళ పిల్లలకు ముప్ఫై కలిపే పంపుతాడు. మావాళ్ళు వాళ్ళ లెక్కలోంచి ముప్ఫై తీసేసి చదువుతారు, వాళ్ళు మా లెక్కలోంచి తీసేసి చదువుతారు. మా చుట్టుపక్కల పన్నెండు కాలేజీల్లోనూ ఇదే తంతు. అందరికీ తెలిసిన అబద్ధం కాబట్టి అబద్ధమని కూడా అనిపించేది కాదు. పిల్లలకైతే అది పండగే. కాగితంలో పడ్డ బరువును వాళ్ళు ఇంటి దగ్గర అమ్మానాన్నలకూ, తమతో తిరిగే ఆడపిల్లలకూ చెప్పుకునేవాళ్ళు. రెండు నెలలు పోయాక వాళ్ళే నమ్మేసేవాళ్ళు.

ఆ జాబితాలో నలభై నాలుగో నంబరు ఎమెట్ కుబిక్. ఫుల్‌బ్యాక్. కాగితం మీద రెండువందల యాభై రెండు పౌండ్లు. నిజానికి రెండువందల పదహారు. నాకెలా తెలుసంటే ఆ పిల్లాడి నడుము కొలత, మెడ కొలత, తొడ కొలత అన్నీ నా పుస్తకంలో ఉన్నాయి. ఫుల్‌బ్యాక్ అంటే పేరులో ఉన్నంత వైభోగం పనిలో ఉండదు. బంతి పట్టుకునేవాడు వెనకాల వస్తుంటే వీడు ముందు దూరి, తలతో, భుజంతో దారి చెయ్యాలి. దెబ్బలు వీడివి, చప్పట్లు వెనకొచ్చేవాడివి. ఎమెట్ దానికోసమే పుట్టాడు. పొట్టిగా, గట్టిగా, చప్పున కదిలేవాడు. నోట్లో నాలుక లేనివాడు. ఏమైనా అడిగితే ముందు చెవులు ఎర్రబడతాయి, తర్వాత జవాబు వస్తుంది. వాళ్ళ నాన్న దుంపల లారీ నడుపుతాడు. సగం ఫీజు కాలేజీ కడుతుంది, ఆటలో ఉన్నందుకు. ఇక మిగిలింది ఒక్క ఏడాది, అదే ఆఖరిది.

ఏప్రిల్ ఆఖర్లో గోర్డీకి గుండెనొప్పి వచ్చింది. ప్రాణానికి ఫరవాలేదన్నారు గానీ ఇక మైదానం వైపు వెళ్ళొద్దన్నారు డాక్టర్లు. వసంతకాలం ప్రాక్టీసు అప్పటికే అయిపోయింది. పరీక్షలు రాసి పిల్లలు ఊళ్ళకు పోయారు. మే నెల మధ్యలో కొత్త కోచ్ దిగాడు. బ్రైస్ హారెల్సన్. టెక్సాస్ మనిషి, ముప్ఫై మూడేళ్ళు, ఒక పెద్ద యూనివర్సిటీలో నాలుగో కోచ్‌గానో అయిదో కోచ్‌గానో చేశాడట. నా గది గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో కాఫీ, మెడలో ఈల. జట్టు ఊళ్ళోనే లేదు, ఈల ఎవరికి ఊదుతాడో అర్థం కాలేదు.

"మిసెస్ డీట్జ్, మన జట్టు ఇంక నేల మీద ఆడదండీ," అన్నాడు. "గాల్లో ఆడుతుంది."

"అంటే?"

"ప్రతిసారీ బంతి విసరడమే. నలుగురు పరిగెత్తి పట్టుకుంటారు. అయిదుగురు గట్టివాళ్ళు లైన్లో నిలబడి విసిరేవాడికి కాపు కాస్తారు. అంతే. ఇరవై సెకన్లకో బంతి. ఎదుటివాడికి ఊపిరాడకూడదు."

నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. నలుగురు, అయిదుగురు, విసిరేవాడొకడు, వాడి పక్కన బంతి అందుకుని పరిగెత్తేవాడొకడు. పదకొండు. ఫుల్‌బ్యాక్ ఏడీ?

"ఫుల్‌బ్యాకా?" అని నవ్వాడు. "మా దగ్గర ఆ మాట విని ఎనిమిదేళ్ళయింది. సరే గానీ, జాబితా ఉందా మీ దగ్గర?"

ఇచ్చాను.

"ఇదే తాజాదా?"

"ఇదే," అన్నాను. తాజాదా అనడిగాడు, తాజాదే. నిజమైనదా అని అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పడం నా అలవాటు కాదు. ఇది దొంగ సమర్థింపని నాకప్పుడే తెలుసు. కానీ గోర్డీ ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు, ఆ కాగితం నిండా ఉన్నవి నేను టైపు చేసిన అంకెలు, గుమ్మంలో నిలబడ్డవాడు ఎవరెవరిని ఉంచాలా ఎవరెవరిని పంపాలా అని చూస్తున్న కొత్త మనిషి. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగం గుర్తొచ్చి నోరు దానంతటదే మూసుకుంది.

ఆయన వచ్చిన యూనివర్సిటీలో ప్రతి శుక్రవారం తూకం వేసి ఔన్సుతో సహా రాస్తారట. అందుకని అచ్చులో ఉన్న అంకెను అనుమానించాలన్న ఊహే ఆ మహానుభావుడికి రాలేదు. ఆగస్టు దాకా పిల్లలకు ప్రాక్టీసు పెట్టకూడదని నియమం. కాబట్టి గదిలో తలుపేసుకుని, ఒక చేత్తో జాబితా, ఇంకో చేత్తో పాత ఆటల వీడియోలు పెట్టుకుని, రెండు వారాలు కూర్చుని కొత్త జట్టు కట్టాడు. తర్వాత ఒక్కొక్క పిల్లాడికీ ఉత్తరం రాశాడు.

ఆ ఉత్తరం పట్టుకుని జూన్ మొదటి వారంలో ఎమెట్ నా గదికొచ్చాడు. వేసవికి వాడు ఊరికి పోలేదు, ఇక్కడే ధాన్యం గిడ్డంగిలో పనికి కుదిరాడు. జుట్టు నిండా గోధుమ పొట్టు.

"నన్ను గార్డ్‌గా వేశారు మిసెస్ డీట్జ్," అన్నాడు.

గార్డ్ అంటే లైన్లో నిలబడే ఆ అయిదుగురిలో ఒకడు. మూడువందల పౌండ్ల మనుషులు వచ్చి మీద పడే చోటు. రెండువందల పదహారు పౌండ్లవాణ్ణి అక్కడ నిలబెడితే గాలికెగిరిపోతాడు.

"ఇలా తే," అని లాక్కుని చదివాను. *నీ వీడియోలు చూశాను. రెండువందల యాభై రెండు పౌండ్ల మనిషి ఇంత వేగంగా కదలడం నేనింతవరకు చూడలేదు. నువ్వు ఎడమ గార్డ్. పెరగొద్దు, తగ్గొద్దు. సరిగ్గా ఇదే బరువులో ఆగస్టులో రా.*

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. ఇంత వేగంగా కదలడం చూడలేదట! ముప్ఫై ఆరు పౌండ్లు కాగితం మోస్తుంటే వాడెందుకు కదలడు?

"ఏం చెయ్యమంటారు?" అన్నాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి. "వెళ్ళి నిజం చెప్పేస్తా. నేను రెండొందల పదహారే అని."

"చెప్తే ఏమంటాడు?"

"తెలీదు."

"నాకు తెలుసు. ఫుల్‌బ్యాక్ అక్కర్లేదు, గార్డ్‌కి నువ్వు చాలవు, సంతోషం, వెళ్ళిరా అంటాడు. నీ సగం ఫీజు కాగితం మీద ఇంకా సంతకం పడలేదు. మీ నాన్న ఏం చేస్తాడు, ఇంకో లారీ నడుపుతాడా? రెండు లారీలు ఒకేసారి నడుపుతాడా?"

"అబద్ధం కదండీ మరి."

"ఒరే, నీది ఒక్కడిదే అబద్ధమైతే వెళ్ళి చెప్పు. నువ్వు నోరు తెరిస్తే మిగతా వందమందివీ బయటపడతాయి, గోర్డీ పరువు పోతుంది. ఆయనక్కడ మంచం మీదున్నాడు. ఇంకా రెండు నెలలుంది. తిను."

"ఏంటి?"

"నోరు మూసుకుని తిను. అబద్ధమన్న బెంగ పోవాలంటే అదే దారి. రెండొందల యాభై రెండుకి రా."

అంత తేలిగ్గా అనేశాను. వాడు తలూపాడు. పెద్దవాళ్ళు చెప్పిందానికి తలూపే పిల్లాడు, అదే వాడితో వచ్చిన చిక్కు.

ఇక ఆ వేసవంతా నా వంటిల్లు వాడి పొట్టకు అంకితం. మాంసం, క్యాబేజీ కూరి కాల్చిన బన్నులు మా ముత్తాతల కాలం నుంచీ చేసుకుంటాం, బీరాక్ అంటాం. ఎవడైనా రెండు తింటే లేవలేడు. వీడు అయిదు తినేవాడు. పొద్దున పన్నెండు గుడ్లు, గిడ్డంగిలో మధ్యాహ్నం డబ్బాడు వేరుశెనగ వెన్న చెంచాతో, పడుకునే ముందు గ్యాలన్ పాలు. తింటూ తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. "ఇంక పట్టదండీ" అనేవాడు. "పడుతుంది, నీకు తెలీదు" అని ఇంకోటి వడ్డించేదాన్ని. సాయంత్రాలు ఖాళీ జిమ్‌లో ఇనుము ఎత్తేవాడు. వారానికోసారి నా గదిలో తూకం మిషను ఎక్కేవాడు. రెండువందల ఇరవై నాలుగు. ముప్ఫై ఒకటి. ముప్ఫై తొమ్మిది. అంకె పెరిగినప్పుడల్లా నాకు మహా గొప్ప పని చేస్తున్నట్టు ఉండేది. జులై ఆఖర్లో మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ గుమ్మం పట్టుకు నిలబడ్డాడు ఒకసారి. ఎండ ఎక్కువగా ఉందనుకున్నాను.

మిగతా పిల్లల ఉత్తరాల సంగతి నాకు ఆగస్టులో గానీ తెలియలేదు. అదింకా పెద్ద ప్రహసనం. లైన్లో నిలబడే మిగిలిన నలుగురూ కాగితం మీద మూడువందలు దాటినవాళ్ళు. కొత్త ఆట వేగంగా సాగుతుంది కాబట్టి ఒక్కొక్కడూ ఇరవై పౌండ్లు తగ్గి రమ్మని వాళ్ళకు రాశాడీయన. వెధవలు ఒక్కడైనా నోరు విప్పి "అయ్యా, నేనున్నదే రెండువందల డెబ్భై" అన్నాడా? అనలేదు. సొంత ఊరి పేపర్లో మూడువందల పది అని పడ్డాక ఎవడంటాడు? బుద్ధిగా కడుపు మాడ్చుకుని ఇరవై తగ్గారు.

ఆగస్టు అయిదో తేదీ పొద్దున, జట్టంతా చెడ్డీలతో వరస కట్టింది. కొత్త కోచ్ కొత్త తూకం మిషను తెప్పించాడు, అంకెలు ఎర్రగా పెద్దగా గది అవతలికి కూడా కనిపించేవి. నన్ను జాబితా తగిలించిన పలక పట్టుకుని పక్కన నిలబడమన్నాడు. నా అబద్ధాల పక్కన నా చేత్తోనే నిజాలు రాయించే ఏర్పాటు.

మొదట టకర్ వోబిగ్ ఎక్కాడు. కాగితం మీద మూడువందల పది. మిషను రెండువందల నలభై తొమ్మిది అంది.

హారెల్సన్ మిషనును కాలితో తన్నాడు. "దిగి మళ్ళీ ఎక్కు."

రెండువందల నలభై తొమ్మిదే.

"నీకేమైనా జబ్బు చేసిందా?"

"లేదు కోచ్. మీరు ఇరవై తగ్గమన్నారుగా."

"ఇరవై తగ్గమన్నాను! అరవై కాదు!"

టకర్ కప్పు వైపు చూశాడు. రెండోవాడు రెండువందల నలభై నాలుగు. మూడోవాడు రెండువందల యాభై ఒకటి. నాలుగోవాడు ఎక్కకముందే "నేను కూడా అంతే కోచ్" అన్నాడు. హారెల్సన్ ముఖం తెల్లగా పాలిపోయింది. ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయాడు.

అప్పుడు ఎమెట్ ఎక్కాడు. రెండువందల యాభై రెండు. అర పౌండు అటు లేదు, ఇటు లేదు.

"చూడండి!" అని హారెల్సన్ వాడి భుజం మీద చెయ్యేసి అందరి వైపూ తిప్పాడు. "ఈ జట్టు మొత్తంలో నిజం మనిషి ఒక్కడే కనిపిస్తున్నాడు నాకు. నేర్చుకోండ్రా వీణ్ణి చూసి!"

ఎమెట్ చెవులే కాదు, మెడ కూడా ఎర్రబడింది. నా వైపు చూశాడు. నేను పలక వైపు చూశాను. అప్పుడైనా చెప్పాల్సింది నేను. కానీ వాడు నలుగురిలో తలెత్తుకుని నిలబడటం నేను చూడటం అదే మొదటిసారి. చెప్పలేకపోయాను.

మూడు రోజుల ప్రాక్టీసుతో సంగతి తేలిపోయింది. మా ఆట గాల్లోకి లేచేలోగానే బంతి విసిరేవాడు నేల మీద ఉంటున్నాడు. అయిదుగురు బక్కవాళ్ళు కాపు కాయలేకపోతున్నారు. మా సొంత రెండో జట్టు పిల్లలే వాళ్ళని దాటుకుని వచ్చి విసిరేవాణ్ణి పడేస్తున్నారు. నాలుగోరోజు ఆ బంతి విసిరే పిల్లాడు నా దగ్గరికి వచ్చి వీపుకి కట్టుకోవడానికి ఇంకో దిండు ఉందా అని అడిగాడు. మొదటి ఆటకు మూడు వారాలుంది.

అయిదోరోజు పొద్దున హారెల్సన్ పరిగెత్తుకుంటూ నా గదికొచ్చాడు. గడ్డం గీసుకోలేదు, కళ్ళు మెరుస్తున్నాయి.

"దొరికింది మిసెస్ డీట్జ్! రాత్రంతా పాత వీడియోలు చూశాను. అయిదుగురితో కాపు కుదరదు. విసిరేవాడి పక్కన ఆరోవాడు కావాలి. పొట్టిగా, గట్టిగా, చప్పున కదిలి, లైను దాటొచ్చినవాణ్ణి మోకాళ్ళ దగ్గరే కొట్టేవాడు. ఒక్కోసారి బంతి కూడా అందుకుని పరిగెత్తాలి."

"దాన్నే ఫుల్‌బ్యాక్ అంటారు," అన్నాను.

"మీ ఇష్టం, ఏదైనా అనండి! మన దగ్గరే ఉన్నాడు. కుబిక్! గార్డ్‌లో వేసి పాడు చేశాను వాణ్ణి. వాడి పాత చొక్కా తియ్యండి. ఈ ఆటంతా ఇక వాడి చుట్టూనే తిప్పుతాను. వాడొక్కడుంటే చాలు, మిగతా పదిమందినీ సర్దుకుంటాను."

నా చేతిలో ఉన్న హెల్మెట్టు కింద పెట్టేశాను. "కోచ్, ఒక్కమాట," అన్నాను. ఆయన అప్పటికే మెట్లు దిగిపోతున్నాడు. వెనకే వెళ్ళాను. నా మోకాళ్ళతో మెట్లు దిగేసరికి మైదానంలో ఎమెట్‌ను గీత దగ్గర నిలబెట్టేశాడు. కబురు అప్పటికే అందినట్టుంది, వాడి ముఖం చూడాలి! మూడేళ్ళలో అంత వెలుగు వాడి ముఖంలో చూడలేదు. కాళ్ళు కుదురుగా నిలవడంలేదు.

"నలభై గజాలు," అన్నాడు హారెల్సన్, గడియారం పట్టుకుని. "వీడియో చూసి నేను లెక్కేశాను, నువ్వు నాలుగు పాయింట్ ఏడు సెకన్లలో వస్తావు. పరిగెత్తు."

పరిగెత్తాడు. ప్రాణం పెట్టి పరిగెత్తాడు, అది మాత్రం నేను చెప్పగలను. ఒకప్పుడు వాడు కదిలితే ఎప్పుడు బయల్దేరాడో తెలిసేది కాదు. ఇప్పుడు ఒక్కొక్క అడుగూ లెక్కపెట్టొచ్చు.

"అయిదు పాయింట్ నాలుగు," అన్నాడు హారెల్సన్. "జారావా?"

"లేదు కోచ్."

"మళ్ళీ."

అయిదు పాయింట్ అయిదు.

"కాలు పట్టేసిందా? మోకాలా? చెప్పు, దాచకు."

ఎమెట్ వంగి, తొడల మీద చేతులు పెట్టుకుని ఊపిరి పీలుస్తున్నాడు. తలెత్తకుండానే చెప్పాడు. "ఆ వీడియోలో నేను రెండొందల పదహారు కోచ్."

"ఏంటి?"

"యాభై రెండు కాదు. పదహారు. ఇప్పుడైతే యాభై రెండే."

"మరెందుకు పెరిగావురా?"

"మీరే రాశారు కదా సార్, ఇదే బరువుతో రమ్మని."

హారెల్సన్ గడియారం వైపు చూశాడు, వాడి వైపు చూశాడు. ఆయన మీద నాకున్న చిరాకంతా ఏమైపోయిందో తెలీదు. పాపం, ఆయన చేసిన తప్పేముంది? అచ్చులో ఉన్నది నమ్మాడు.

"ఆ కాగితం నేను టైపు చేసిందే," అన్నాను. "అందరికీ కలుపుతాం. పందొమ్మిదేళ్ళుగా కలుపుతున్నాం. జూన్‌లోనే వీడు మీ దగ్గరికి వచ్చి చెప్తానన్నాడు. నేనే వద్దన్నాను. మీరు పంపించేస్తారని."

"పంపించెయ్యడమా?" అన్నాడాయన. గొంతు పెంచలేదు, పెంచితే బావుండేది. "మేడం, లైన్లో నాకు మనుషులే లేరని జూన్‌లో తెలిసుంటే ఈ ప్లాను అక్కడే ఆపేసేవాణ్ణి. ఇప్పుడు వేసిందే అప్పుడు వేసేవాణ్ణి. మొట్టమొదట ఇతని పేరే రాసుకునేవాణ్ణి."

నన్ను తిడతాడని చూశాను. తిట్టలేదు. ఉద్యోగం తీస్తానని కూడా అనలేదు. మధ్యాహ్నానికల్లా ఆ ఆరోవాడి చోటు మొదటి ఏడాది కుర్రాడికి ఇచ్చాడు. వాడికి ఎవణ్ణి కొట్టాలో ఇంకా తెలీదు, కానీ చప్పున కదులుతాడు. ఎమెట్ గార్డ్‌గానే ఉంటాడు, అదీ రెండో వరసలో. ముందువాడికి దెబ్బ తగిలితే వెళ్తాడు. సగం ఫీజుకేమీ ఢోకా లేదని హారెల్సన్ స్వయంగా వచ్చి చెప్పాడు, అది ఆయన మంచితనం. ఆ ఫీజు గురించే కదా నేను అంత తెలివిగా ఆలోచించింది.

సాయంత్రం ప్రాక్టీసయ్యాక ఎమెట్ నా గదికొచ్చాడు. పాత ప్యాంటు తొడ దగ్గర చిరిగిందట, పెద్దది కావాలి. వెతికి ఇచ్చాను. తీసుకుని వెళ్ళకుండా బల్ల మీద కూర్చున్నాడు. బల్ల కిర్రుమంది.

"నా తప్పురా," అన్నాను. "నీ నోరు నొక్కింది నేను. నీకు కుక్కి కుక్కి పెట్టింది నేను. నిన్ను కాచుకుంటున్నాననుకున్నాను. నన్ను నేను కాచుకున్నాను."

"తిన్నది నేను కదండీ," అన్నాడు.

తిడితే పడేదాన్ని. ఆ పిల్లాడికి తిట్టడం కూడా రాదు. నాకు ఏడుపొచ్చి, ఏడుపొచ్చినందుకు కోపమొచ్చి, మడతపెట్టిన తువ్వాళ్ళు విప్పి మళ్ళీ మడతపెట్టడం మొదలెట్టాను.

వాడే అడిగాడు. "మళ్ళీ రెండొందల పదహారుకి రావాలంటే ఎన్నాళ్ళు పడుతుంది? కాళ్ళల్లో సత్తువ పోకుండా."

కడుపు మాడ్చుకుంటే త్వరగానే అవుతుందని చెప్పొచ్చు. గట్టిగా పట్టుబడితే అక్టోబరుకల్లా అయిపోతుందని చెప్పొచ్చు. అంటే నమ్మేస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా ఈ పిల్లల ఒళ్ళు కొలుస్తున్నదాన్ని, ఎంత పడుతుందో నాకు తెలుసు.

"వారానికి రెండు పౌండ్లు," అన్నాను. "అంతకంటే త్వరగా తగ్గితే కండ కరిగిపోతుంది. పద్దెనిమిది వారాలు."

వాడు గోడ మీద ఆటల పట్టిక వైపు తిరిగాడు. వేలు గాల్లో పెట్టి ఒక్కొక్క శనివారమే లెక్కపెట్టుకుంటూ కిందికి వచ్చాడు. కింద ఆగాడు.

"ఆఖరి ఆట పద్నాలుగో వారంలో," అన్నాడు.

"అవును," అన్నాను.